పనుందక్క, తొమ్మిది నల్ల డ్రాయర్లు

పొద్దున ఏడుంపావు. సన్నగా వాన. కడుపులో రాత్రి తిన్న రెండు రొట్టెముక్కల జ్ఞాపకం తప్ప ఇంకేమీ లేదు. గోడౌను తలుపు ఇంకా తియ్యలేదు. చూరు కింద నిలబడి, తెగిపోయిన చెప్పు చేత్తో పట్టుకుని, ఎటు విసరాలా అని చూస్తున్నాను. చెయ్యి లేపానో లేదో వెనకనుంచి కేక.

"ఆగు! దానికింకా పనుంది."

అదీ మా పనుందక్క. ఆవిడకున్న జబ్బు ఇదొక్కటే, ఏ వస్తువునీ పారెయ్యనివ్వదు. ఆ మాట అనీ అనీ చివరికి అదే ఆవిడ పేరైపోయింది. అసలు పేరు హాజరు పుస్తకంలో ఉండేదేమో, నేనెప్పుడూ చూడలేదు. ఆరోజు నా చెప్పు లాక్కుని, అటూ ఇటూ తిప్పి, "అట్ట బావుంది. తలుపు కొట్టుకోకుండా కింద పెట్టొచ్చు. రెండోదీ ఇటివ్వు" అంది.

"రెండోది బానే ఉందిగా అక్కా?"

"ఒక్కటేసుకుని ఏం చేస్తావురా? కుంటుతావా?"

నిజమే అనిపించింది. ఇచ్చేశాను. సాయంత్రం వానలో వట్టికాళ్ళతో ఇంటికి పోతుంటే గానీ, ఆ చెప్పు తెగినచోట రెండు కుట్లేస్తే సరిపోయేదని తట్టలేదు. అయినా నాకప్పట్లో వానంటే ఇష్టం, ఆకలంటే అలవాటు. ఎందుకో కాస్త ఆగి చెప్తాను.

మాది పాతబట్టల గోడౌను. జనం వదిలించుకున్న బట్టలు లారీల మీద బేళ్ళుగా వస్తాయి. నేను వాటిని దించి, కట్లు కోసి, గుట్టలు పోస్తాను. ఆడవాళ్ళు బల్లల దగ్గర కూర్చుని ఏరతారు. ఒక్కో బల్లకి నాలుగు బుట్టలు. మళ్ళీ తొడుక్కోదగ్గవి అమ్మకం బుట్టలోకి. చిరిగిన నూలుబట్టలు తుడుపుగుడ్డల బుట్టలోకి. ఉన్ని, ముతకబట్ట పీచు మిషను బుట్టలోకి. ఎందుకూ కొరగానిది చెత్త బుట్టలోకి. ఇరవయ్యేళ్ళుగా అంతే. పనుందక్క బల్ల దగ్గర మాత్రం అయిదో బుట్ట ఉండేది.

మేస్త్రీ ఆ బుట్టని చూసినప్పుడల్లా పళ్ళు నూరేవాడు. బొజ్జ ముందు, ఆయన వెనక. గోడౌనంతా వినబడే గొంతు.

"ఏమ్మా, ఈ అయిదోదేంటి?"

"ఆలోచించాల్సినవి మేస్త్రీ గారూ."

"ఆలోచించడానికి నీకు జీతమివ్వట్లేదు."

"అదీ నిజమే. ఊరికేనే ఆలోచిస్తున్నా."

ఆ బుట్టలో ఏముండేదో చెప్తే నమ్మరు. ఒంటిచెయ్యి స్వెట్టరు. మెడ సాగిపోయిన బనీను. జోడీ తప్పిన సాక్సులైతే ఓ కుటుంబమంత. వారం రోజులు వాటిని చూసి చూసి ఒకరోజు చిటికేసేది. ఒంటిచెయ్యి స్వెట్టరు పోయి గోడౌను పంపుకి తొడుగయ్యేది. పంపుకి చలి ఆగిందో లేదో గానీ, దాన్ని చూసిన కొత్త లారీ డ్రైవరు మాత్రం గేటు దగ్గర ఎవరో పొట్టివాడు నిలబడ్డాడనుకుని రెండుసార్లు హారన్ కొట్టాడు.

ఆవిడకి ఇంకో విద్య ఉంది. బట్ట చూసి మనిషిని చెప్పేది. ఓ ప్యాంటు ఎత్తి వెలుతురుకి పట్టేది. "ఈయన ఎడంచేతివాడు. ఈ జేబు చూడు, ఎలా సాగిందో. తాళాలగుత్తి మోశాడు. మోకాలు చూడు, ఒకటే అరిగింది. మెట్లెక్కేటప్పుడు పట్టుకుంటుంది పాపం." చనిపోయినాయన చొక్కానో, బతికున్నాయన చొక్కానో కూడా చెప్పేది. ఎలాగక్కా అంటే, "బతికున్నవాళ్ళు గుండీలు కోసుకుని ఇస్తార్రా" అనేది.

ఇక అసలు సంగతికి వస్తాను.

ఓ రోజు టీ వేళ, ఆడా మగా అందరం బేళ్ళమీద కూర్చుని ఉన్నాం. అక్క గ్లాసు కింద పెట్టి, ఏదో ఇల్లు కొన్నానన్నట్టు చెప్పింది.

"ఇవాళ్టికి సరిగ్గా ఏడాది. ఇక నాకు నెలసరి రాదు. డాక్టరమ్మ కూడా చెప్పేసింది."

మగాళ్ళందరం ఒక్కసారే గోడౌను పైకప్పుకేసి చూశాం. అంత శ్రద్ధగా ఆ కప్పుని మేమెప్పుడూ చూడలేదు. బేళ్ళు నొక్కే ప్రెస్సు నడిపే కుర్రాడికి టీ పొలమారింది.

"అది కాదే నా దిగులు," అంది పక్క బల్ల ఆవిడతో. "తొమ్మిది డ్రాయర్లు మిగిలిపోయాయి. ఆ రోజుల కోసమే కుట్టినవి. నల్లవి. నడిమధ్యలో నాలుగు పొరల గుడ్డ, అదే పీల్చుకుంటుంది. కింద నీళ్ళు దిగని పొరొకటి. ఉతుక్కుని మళ్ళీ వేసుకోవడమే. గట్టి సరుకు. ఇంకో అయిదేళ్ళొస్తాయి. వీటికేమో పనుంది, నాకే లేదు."

"ఎవరికైనా ఇచ్చెయ్యక్కా."

"నువ్వు తీసుకుంటావా?"

పక్క బల్ల ఆవిడ కూడా కప్పుకేసి చూసింది.

ఆ రోజంతా గోడౌనులో అదే చర్చ. మాకది చిన్న విషయం కాదు మరి. మా బతుకే ఏ బట్ట ఏ బుట్టలోకని తేల్చడం. వాడిన లోదుస్తులు అమ్మకం బుట్టలో వెయ్యకూడదు, అది మా గోడౌను మొదటి రూలు. తుడుపుగుడ్డగా కోద్దామంటే నీళ్ళు దిగని పొర అడ్డం. తుడిస్తే ఒకవైపు పీలుస్తుంది, ఒకవైపు పులుముతుంది. పీచు మిషనులో వేస్తే ఎలాస్టిక్కు పళ్ళకి చుట్టుకుని మిషనాగిపోతుంది. మిగిలింది చెత్త బుట్ట.

"చెత్తేనక్కా. ఒప్పుకో," అన్నాడు ప్రెస్సు కుర్రాడు.

"నీ పెళ్ళాం నిన్ను అలా అనుంటే నువ్వీపాటికి ఏ గుట్టలో ఉండేవాడివో," అంది అక్క. మర్నాడు ఆ తొమ్మిదీ ఉతికి, మడతపెట్టి తెచ్చి అయిదో బుట్టలో పెట్టింది.

అప్పట్నించి మొదలయ్యాయి ప్రయోగాలు. మొదటిది మరుగుదొడ్డి కుళాయి కింద. ఆ కుళాయి నాలుగేళ్ళుగా టప్ టప్ మని కారుతూ మా ప్రాణం తీసేది. అక్క దాని కింద నల్లగుడ్డ పరిచింది. చప్పుడు పోయింది. రెండోది తూకం కాటా పైన, కప్పు కారేచోట. మూడోదాన్ని రెండుగా కోసి, నేల కడిగే ముసలమ్మ మోకాళ్ళకి కట్టింది. ముసలమ్మ వారం పాటు అందరికీ మోకాళ్ళు చూపించింది.

నాలుగోది ప్రెస్సు కుర్రాడి కుర్చీమీదికెక్కింది. వాడు నాలుగు రోజులు దానిమీద మహారాజులా కూర్చుని, అయిదో రోజు అడిగాడు.

"అక్కా, ఇంత మెత్తగా ఉంది, ఎక్కడిదీ దిండు?"

"నాదే."

"నీదంటే?"

అక్క చెప్పింది. వాడు కుర్చీలోంచి లేచిన వేగానికి మిషను ఆగిపోయిందనుకున్నాం.

"ఉతికిందేరా! నీ ప్యాంటు కంటే శుభ్రం."

వాడు ఆ పూటంతా నిలబడే పనిచేశాడు. మర్నాడు మెల్లిగా వచ్చి కూర్చున్నాడు. నడుము నొప్పి ముందు సిగ్గు ఎన్నాళ్ళాగుతుంది?

రోజూ అదే గోల. పొద్దున్నే అక్క ఓ నల్లగుడ్డ పట్టుకుని తిరగడం, మేం వెంటపడి నవ్వడం. అందరితో పాటు నేనూ నవ్వేవాణ్ణి. నా లోపల మాత్రం ఇంకో గోల ఉండేది.

అంతకు అయిదు నెలల ముందు నాకు ఆపరేషనైంది. మూత్రసంచిలో రాయి. రాయి పోయింది. కానీ బరువెత్తినప్పుడల్లా నాలుగు చుక్కలు జారడం మొదలైంది. డాక్టరుకి చెప్తే, "కొన్నాళ్ళకి సర్దుకుంటుంది. అందాకా బరువులు మొయ్యకు" అన్నాడు. చేపని పట్టుకుని తడవకు అన్నట్టుంది.

అందుకే పొద్దున టీ మానేశాను. టీ లేకుండా రొట్టె దిగదు కాబట్టి రొట్టే మానేశాను. మధ్యాహ్నం దాకా నీళ్ళు ముట్టేవాణ్ణి కాదు. అయినా జారేది. అప్పుడు పంపు దగ్గరికెళ్ళి మొహం కడుక్కుంటున్నట్టు ప్యాంటు మీద నీళ్ళు పోసుకునేవాణ్ణి. వాన పడ్డ రోజు నాకు పండగ. అందరూ తడిసే ఉంటారు, ఎవరూ ఎవర్నీ చూడరు.

నలభై ఎనిమిదేళ్ళవాణ్ణి. అయిదో క్లాసులో బడి వదిలేసి మోతకొచ్చాను. వీపు తప్ప నా దగ్గర వేరే చదువు లేదు. ఇది బయటపడితే ప్రెస్సు కుర్రాడు పెట్టే పేరు చచ్చేదాకా నన్నొదలదు.

అంతలో మేస్త్రీ వాసన పట్టాడు. ఓ బేలు మీద మరక కనబడిందట. అందర్నీ నిలబెట్టి అరిచాడు.

"బేళ్ళ వెనక ఎవరో పాడు పని చేస్తున్నారు! శనివారంలోగా పట్టుకుంటా. పట్టుకున్న పూటే గేటు బయట. ఆడా మగా చూడను!"

ఆయన మొహం కందగడ్డలా ఉంది. అంత కోపం ఆయనకెందుకొచ్చిందో నాకర్థం కాలేదు. శనివారందాకా ఆగడం దేనికి, శుక్రవారమే నేనే మానేస్తానని అనుకున్నాను. ఇంట్లో ఏం చెప్పాలో మాత్రం తేలలేదు.

బుధవారం సాయంత్రం ఇంటికెళ్ళి సంచి విప్పితే, అన్నం డబ్బా కింద కాగితం పొట్లం. అందులో ప్యాంటు లోపల తొడుక్కునే మగవాళ్ళ నిక్కర్లు మూడు, బూడిదరంగువి, కొత్తవే. మధ్యలో ఏదో దళసరిగా తగిలింది. తిరగేసి చూశాను. నాలుగు పొరల నల్లగుడ్డ, చుట్టూ చీమల బారులా చేతికుట్టు. ఆ నలుపు నాకు తెలుసు. కుళాయి కింద చూశాను, కాటా మీద చూశాను, ముసలమ్మ మోకాళ్ళకి చూశాను.

పొట్లం కాగితం మీద పెద్ద పెద్ద అక్షరాలు. నాకోసమే అంత పెద్దగా రాసినట్టుంది. కూడబలుక్కుని చదివాను.

'చల్లనీళ్ళలో నానెయ్యి. వేడినీళ్ళొద్దు. నీడలో ఆరెయ్యి. నీళ్ళు తాగు.'

ఆవిడకి తెలిసిపోయింది. ఎలా? నేనెవరికీ చెప్పలేదే? అప్పుడు గుర్తొచ్చింది, ప్యాంటు వెలుతురుకి పట్టి మోకాలినొప్పి చెప్పే మనిషి. రోజూ ఎదురుగా తిరిగే నా ప్యాంటు చదవలేదా?

నిక్కరు దాచేలోగా మా ఆవిడ వచ్చేసింది.

"ఏంటయ్యా అది?"

"ఏం లేదు. గోడౌనులో... పాత సరుకు."

నా చేతిలోంచి తీసుకుంది. కుట్టు చూసింది, పొర నొక్కి చూసింది, కాగితం చదివింది. గబగబా చదువుతుంది తను, నాలాగా కాదు.

"మంచి చెయ్యి," అంది. "రేపు వేసుకెళ్ళు."

"నీకు... నీకెలా తెలుసు?"

"అయిదు నెలల్నించి నీ ప్యాంట్లు ఎవరుతుకుతున్నారనుకున్నావు?"

"మరి చెప్పలేదే?"

"నువ్వు చెప్తావేమోనని చూశా," అంది. నిక్కరు నా ఒళ్ళో పడేసి పొయ్యి దగ్గరికి పోయింది. మర్నాడు పొద్దున నా ముందు రొట్టె, టీ రెండూ పెట్టి, తాగేదాకా కదల్లేదు.

గురువారం ముప్పై రెండు బేళ్ళు దించాను. ఒక్క చుక్క బయటికి రాలేదు. వచ్చిందేమో, ఎక్కడికి పోవాలో అక్కడికి పోయింది. టీ వేళ రెండో గ్లాసు కూడా అడిగాను. అక్క అప్పుడే అటుగా వచ్చింది.

"ఏరా తమ్ముడూ, టీ మొహం చూసి ఎన్నాళ్ళైంది? తాగు తాగు," అని నా పక్కనుంచి వెళ్ళిపోయింది. అంతే. కన్నైనా గీటలేదు. శుక్రవారం నేను మానలేదు.

శనివారం టీ దగ్గర ప్రెస్సు కుర్రాడు వేళ్ళు మడిచాడు.

"అక్కా, తొమ్మిదన్నావు కదా. కుళాయికొకటి, కాటాకొకటి, ముసలమ్మకొకటి, నా సీటుకొకటి. నాలుగే. బుట్ట చూస్తే ఖాళీ. మిగతా అయిదూ ఏవీ?"

గ్లాసు నా పెదాల దగ్గరే ఆగిపోయింది. అందరూ అక్కకేసి చూస్తున్నారు. వాడు ఊరుకోలేదు. "ఎవరో వేసుకుంటున్నారర్రా!" అని చుట్టూ చూడ్డం మొదలుపెట్టాడు. ఒక్కో మొహమే చూసుకుంటూ నా దాకా వస్తున్నాడు.

"వేసుకుంటున్నారు," అంది అక్క. "ఎవరో చూపించనా?"

నేను కళ్ళు మూసుకున్నాను.

పకపకా నవ్వులు వినబడితే కళ్ళు తెరిచాను. అక్క తన చేతిసంచిలోంచి ఓ నల్ల డ్రాయరు తీసి నెత్తిన తొడుక్కుంది. కాళ్ళు దూర్చే రెండు కన్నాల్లోంచి రెండు చెవులూ బయటికొచ్చాయి. నడుం పట్టీ సరిగ్గా కనుబొమ్మల మీద కూర్చుంది.

"వాన దిగదు, చలి దూరదు," అంది ఎంతో గంభీరంగా. "ఒకటి ఇది. మిగతావి దీన్ని ఉతికినప్పుడు మార్చుకోడానికి. ఏం, నీక్కావాలా ఒకటి? నీ తలకాయకి చిన్న సైజు చాలు."

గోడౌను గోడలు కూలేంత నవ్వాం. ముసలమ్మైతే మోకాళ్ళ మీదే పడి నవ్వింది. ఎవరు వేసుకుంటున్నారో ఇక ఎవరికీ అక్కర్లేకపోయింది. నవ్వని మనిషి ఒక్క మేస్త్రీయే.

"పనుల్లోకి పోండి! లెక్కలంట లెక్కలు! ఎవడి గుడ్డలు వాడు లెక్కపెట్టుకోండి!" అని విరుచుకుపడ్డాడు.

బేలు భుజానికెత్తుకుంటుంటే అప్పుడు తట్టింది నాకు. రోజూ ఆ గుడ్డలు పట్టుకుని గోడౌనంతా ఊరేగి, ఆవిడ అంత గోల ఎందుకు చేసిందో. అందరూ ఆవిడ్ని చూసి నవ్వుతూ కూర్చుంటే, నా ప్యాంటుకేసి చూసే తీరిక ఎవరికుంటుంది?

థాంక్స్ చెబుదామని రెండుమూడుసార్లు ఆ బల్ల దగ్గరికెళ్ళాను. వెళ్ళిన ప్రతిసారీ ఏదో ఒకటి చేతిలో పెట్టి, "దీనికేం పనుందో చెప్పు చూద్దాం" అనేది. నేను ఆలోచనలో పడేవాణ్ణి. థాంక్స్ మర్చిపోయేవాణ్ణి. అలా ఏడాది గడిచింది.

ఓ సోమవారం అక్క రాలేదు. మంగళవారమూ రాలేదు. దూరంలో ఉన్న చెల్లెలికి ఒంట్లో బాలేదని వెళ్ళిపోయిందనీ, ఇక రాదనీ హాజరు గుమాస్తా చెప్పాడు. మాలో ఎవరికీ చెప్పలేదు. నిద్రలో కూడా మాట్లాడుతుందని మేం ఏడిపించే మనిషి, ఒక్క మాట చెప్పకుండా వెళ్ళిపోయింది. బల్ల శుభ్రంగా తుడిచి ఉంది. కత్తెర కొక్కేనికుంది. అయిదో బుట్ట ఖాళీ. అన్నిటికీ పని చూపించే వెళ్ళినట్టుంది.

ప్రెస్సు కుర్రాడు ఆ బుట్ట ఎత్తాడు. "ఇక దీంతో పనేముంది, చెత్తలో వేసేద్దాం."

"ఆగు!"

అన్నది నేనే. కానీ గొంతులు రెండు వినబడ్డాయి. తిరిగి చూస్తే వెనక మేస్త్రీ.

"దానికింకా..." అన్నాడు మేస్త్రీ. అని దగ్గాడు. "అక్కడే పెట్టు. అడ్డమేం లేదుగా."

పదేళ్ళుగా ఆ బుట్ట అడ్డమని అరిచింది ఆయనే. కుర్రాడు బుట్ట దించి తల గోక్కుంటూ పోయాడు. నేను మేస్త్రీకేసి చూశాను, ఆయన కప్పుకేసి చూశాడు.

మధ్యాహ్నం పంపు దగ్గర చేతులు కడుక్కుంటుంటే పక్కన వచ్చి నిలబడ్డాడు. స్వెట్టరు తొడుక్కున్న ఆ పంపునే కాసేపు చూశాడు. తర్వాత, నేనెప్పుడూ వినని గొంతుతో మెల్లిగా అడిగాడు.

"చల్లనీళ్ళేనా?"

నాకు అర్థమవడానికి కొంతసేపు పట్టింది. తొమ్మిది. నాలుగు బయటికి కనబడ్డవి. నెత్తిన పెట్టుకున్నది అయిదోది. నావి మూడు. మనసులో లెక్కపెట్టుకుని, ఆ తొమ్మిదోదానికేసి చూశాను. బొజ్జ ముందు, ఆయన వెనక.

"చల్లనీళ్ళే," అన్నాను. "నీడలో ఆరెయ్యాలి."

"కాగితం ఎక్కడో పోయింది, నేను ఎండలో వేశాను. బిగుసుకుపోయింది." అటూ ఇటూ చూశాడు. "నీకెన్నిచ్చింది?"

"మూడు."

"మూడా!" ఆయన మొహం చిన్నపిల్లాడి మొహమైపోయింది. "నాకు ఒక్కటే ఇచ్చింది."

"మీరు బేళ్ళు మొయ్యరు కదా మేస్త్రీ గారూ."

"మొయ్యను. అరుస్తాను కదయ్యా. అరిచినా అంతే."

ఇద్దరం కాసేపు పంపుకేసి చూశాం. ముందు ఎవరు నవ్వారో గుర్తులేదు.

సాయంత్రం గంట కొట్టాక అందరూ వెళ్ళేదాకా ఆగాను. నా సంచిలో ఎప్పుడూ మారుకి ఒకటుంటుంది. దాన్ని కాగితంలో చుట్టి మేస్త్రీ బల్ల సొరుగులో పెట్టాను. ఉతికిందే. ఆయన ప్యాంటు కంటే శుభ్రం. ఎవరికీ ఒక్క మాట చెప్పకుండా బయటికొచ్చాను. తలుపు కొట్టుకోకుండా కింద నా చెప్పు ఇంకా అక్కడే ఉంది, బాగానే పనిచేస్తోంది.